అడగండి, చెప్తాను: తెర తీస్తే ఏముంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే దారి పట్టాయి. మొహర్రం దగ్గర పడుతోందని నెల్లూరు వాళ్ళు రొట్టెల గురించి అడిగారు, ఒంగోలు కుర్రాడు చిదంబరం దాకా పోయాడు, కావలి ఆయన ఏకంగా కైలాసం మీద గ్రహాంతరవాసుల్ని దింపాడు. చాలామంది పేరు వెయ్యొద్దన్నారు, అందుకని ఎవరికీ వెయ్యలేదు, ఊరు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మేడం, మా అత్తమ్మ ప్రతి ఏడూ బారాషహీద్ దర్గాకి తీసుకెళ్ళి చెరువులో రొట్టె పట్టిస్తుంది. ఈ ఏడు మా చిన్నమ్మాయి, ఇంటర్ చదువుతోంది, "ఇట్టాంటిది ప్రపంచంలో ఇంకెక్కడన్నా ఉందా, మనమే కనిపెట్టామా" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. (ఒక గృహిణి, నెల్లూరు)

జవాబు: మీ అమ్మాయి అడగాల్సిందే అడిగింది. కోరిక కోరుకోవడం ప్రతి దేశంలోనూ ఉంది, తీరాక మొక్కు చెల్లించడమూ ఉంది, కాకపోతే ఆ రెండూ వేరువేరు పనులు. జెరూసలేంలో పడమటి గోడ దగ్గర యూదులు (వాళ్ళే కాదు, చూడ్డానికి పోయిన మనవాళ్ళు కూడా) కోరికను చిన్న కాగితం మీద రాసి రాళ్ళ సందుల్లో దోపుతారు. ఆ చీటీలను ఏడాదికి రెండుసార్లు బయటికి తీసి, చదవకుండా, ఆలివ్ కొండ మీద పాతిపెడతారు. జపాన్ గుళ్ళలో చెక్క పలకల మీద రాసి వేలాడదీస్తారు, పరీక్షల కాలంలో ఆ పలకల గుత్తులు మన కొబ్బరికాయల ముడుపుల్లాగా ఉంటాయి. ఇదంతా అడగడం. ఇక తీరాక చెల్లించేది చూస్తే, మన వేళాంగణిలో వెండి కాలు, వెండి కన్ను సమర్పిస్తారు కదా, మెక్సికోలో అయితే జరిగిన గండాన్ని ఒక రేకు మీద బొమ్మగా గీయించి, ఏం జరిగిందో కింద నాలుగు ముక్కలు రాయించి చర్చిలో తగిలిస్తారు.

వీటన్నిట్లోనూ లెక్క భక్తుడికీ దేవుడికీ మధ్యే. మన స్వర్ణాల చెరువులో మూడో మనిషి వస్తాడు. పోయినేడు ఆరోగ్య రొట్టె పట్టుకుని బాగుపడినవాడు ఈ ఏడు అదే రొట్టె చేసుకొచ్చి, ఆరోగ్యం కావాలనుకునే ముక్కూ మొహం తెలియని ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఒకళ్ళ మొక్కు చెల్లింపే ఇంకొకళ్ళ కోరిక అవుతుంది. సంతాన రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా వచ్చింది. ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో బోర్డులు పెడతారు, సంతలో కూరగాయల వరసల్లాగా. దర్గా ముస్లింలది, చెరువులో దిగేవాళ్ళలో సగానికి సగం బొట్టు పెట్టుకున్నవాళ్ళే, తల మీద కొంగు కప్పుకుంటే ఎవరు ఎవరో నీళ్ళలో తెలియదు.

బారా అంటే పన్నెండు, షహీద్ అంటే అమరుడు, గండవరం యుద్ధంలో పోయిన పన్నెండు మంది వీరుల సమాధులు అవి అని చెప్తారు. ఒక రజకుల దంపతులకు కలలో కనిపించి, సమాధి దగ్గర మట్టి నవాబు భార్య నుదుటికి రాస్తే జబ్బు పోతుందని చెప్పారని, అది పోయాక నవాబు వచ్చి ఇక్కడ రొట్టెలు పంచుకున్నాడని కథ. చరిత్రకారులు ఈ కథను ఎంత నమ్ముతారన్నది పక్కన పెడితే, నవాబుగారి బేగం బతకడానికి దారి చెప్పింది బట్టలుతికే ఇంటివాళ్ళు అన్న సంగతిని జనం ఇన్నేళ్ళు మర్చిపోకుండా చెప్పుకోవడం నాకు భలే ఇష్టం.

నేనూ పట్టుకున్నాను, దాచడం ఎందుకు. మా అమ్మాయి కోసం ఉద్యోగ రొట్టె. నీళ్ళు మోకాళ్ళ దాకా, అడుగున బురద వేళ్ళ సందుల్లోకి వస్తోంది, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, చెప్పుల కవరు ఇంకో చేత్తో పట్టుకుని దిక్కులు చూస్తుంటే ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, కానిస్టేబుల్‌గా సెలెక్టయ్యాడట, "ఆంటీ, ముందు కొంగు కప్పుకోండి" అని నవ్వి, నా చేతుల్లో ఉన్న కవరు తను తీసుకుని రొట్టె పెట్టాడు. గోధుమ రొట్టె, లోపల బెల్లం, ఒక అంచు తడిసి మెత్తబడిపోయింది. అక్కడే సగం తిన్నాను. ఉద్యోగం మూడేళ్ళకు వచ్చింది. రొట్టె వల్ల వచ్చిందా అని నన్ను అడక్కండి, పిల్ల నాలుగుసార్లు పరీక్ష రాసింది. ఆ ఏడు మాత్రం తెల్లారుజామున లేచి రొట్టెలు చేసి తీసుకుపోయాను.

ప్రశ్న: అమ్మా, మా పొలం గట్టున పాడుబడిన శివాలయం ఉంది. ఒక స్వామి అంజనం వేసి చూసి, నంది కింద ఏడు బిందెల బంగారం ఉందని, అమావాస్య నాడు తవ్వాలని, పూజ సామగ్రికి లక్షన్నర అవుతుందని చెప్పినాడు. ఆయన వెంట వచ్చిన పిల్లోడు తమలపాకులో బిందెలు కనబడినాయని ఒట్టేసి చెప్పినాడు. మా అన్న సగం ఒప్పుకున్నాడు. ఏం చేయమంటారు? (ఒక రైతు, పొదిలి దగ్గర)

జవాబు: మీ అన్నగారిని ముందు బ్యాంకు పాస్‌బుక్ మీకు ఇచ్చెయ్యమనండి. తర్వాత ఇది చదివి వినిపించండి.

తమలపాకు మీదో బొటనవేలి గోటి మీదో నూనె, కాటుక రాసి, దీపం వెలుగులో పిల్లవాడిని చూడమనడం మనం కనిపెట్టింది కాదు. దాదాపు రెండువేల ఏళ్ళ కిందటి ఈజిప్టు మంత్రాల పత్రాల్లో కూడా ఇదే ఉంది, గిన్నెలో నూనె, దీపం, దాన్ని చూసే చిన్న పిల్లవాడు. పెద్దవాళ్ళకు కనపడదు, పిల్లలకే కనపడుతుందట. మసక వెలుగులో నున్నటి నల్లటి దాన్ని కదలకుండా చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి కనపడుతుంది, అది కంటి గుణం. 2010లో ఇటలీలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల్ని మసక గదిలో అద్దం ముందు కూర్చోబెడితే, కాసేపటికే సొంత మొహం వంకర్లు పోయి, కొందరికి వేరే మనుషులు, వింత ఆకారాలు కనిపించాయి. పక్కన ఒక స్వామి నిలబడి "బిందెలు కనపడుతున్నాయా నాయనా" అని అడుగుతుంటే బిందెలే కనపడతాయి.

ఇంగ్లండులో జాన్ డీ అని ఒకాయన ఉండేవాడు, మొదటి ఎలిజబెత్ రాణి దగ్గర మంచి పేరున్న లెక్కల పండితుడు, ఆ కాలానికి పెద్ద గ్రంథాలయం ఉన్నవాడు. అంత చదువుకున్నవాడు కూడా అంజనంలో పడ్డాడు. ఆయనదని చెప్పే నల్లరాతి అద్దం ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఆ రాయి మెక్సికోదని 2021లో పరీక్ష చేసి తేల్చారు. డీ గారికి సొంతంగా ఏమీ కనపడేది కాదు. చూసి చెప్పడానికి ఎడ్వర్డ్ కెల్లీ అనేవాణ్ణి పెట్టుకున్నాడు. కెల్లీ చూస్తాడు, దేవదూతలు మాట్లాడుతున్నారంటాడు, ఈయన రాసుకుంటాడు. ఏళ్ళ తరబడి సాగాక 1587లో ఆ దేవదూతలు మీరిద్దరూ భార్యల్ని పంచుకోవాలని సెలవిచ్చారని కెల్లీ చెప్పాడు. డీ ఏడ్చి మొత్తుకుని చివరికి ఒప్పుకున్నాడు కూడా! ఏడు బిందెలకు లక్షన్నర అడిగిన మీ స్వామి ఆ లెక్కన కాస్త మొహమాటస్తుడే.

చట్టం సంగతి కూడా వినండి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాచిన విలువైన వస్తువు పది రూపాయలకు మించి దొరికితే కలెక్టరుకు తెలపాలి, తెలపకుండా దాచుకుంటే ఏడాది దాకా జైలు. పాత గుడి తవ్వితే దాని మీద వేరే కేసులు. అమావాస్య నాడు పోలీసులు రారని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంకో మాట, నాకు కడుపు మండే మాట. ఈ తవ్వేవాళ్ళు బంగారం కోసం నందిని పగలగొడతారు, అసలు విలువైనది ఆ నందే. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం మీకు దగ్గరే కదా, ఎప్పుడైనా వెళ్ళారా? అక్కడి నుంచి దొంగిలించిన ఒక బుద్ధ భక్తుల శిల్పం చేతులు మారి మారి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా పోయింది. వాళ్ళు 2005లో డబ్బు పెట్టి కొన్నారు, దొంగ సొత్తని తెలిశాక 2016లో తిరిగి ఇచ్చారు. ప్రకాశం జిల్లా రాయికి సముద్రాల అవతల అంత గిరాకీ ఉంటే, మనం దాని కింద బిందెల కోసం గునపం పట్టుకుంటున్నాం. నంది ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపండి, స్వామికి బస్సు చార్జీలు ఇచ్చి పంపండి.

ప్రశ్న: కైలాస పర్వతం మనుషులు కట్టిన పిరమిడ్ అనీ, దాని లోపల గ్రహాంతరవాసులు ఉన్నారనీ, అక్కడ గోళ్ళు, జుట్టు వేగంగా పెరుగుతాయనీ వీడియోలు వస్తున్నాయి. ఎవరూ ఎక్కలేకపోవడానికి కారణం అదేనా? (కావలి)

జవాబు: పిరమిడ్ మాట ఒక రష్యా కంటి డాక్టరు పుణ్యం. 1999లో అటు వెళ్ళొచ్చి పుస్తకాలు రాశాడు. కైలాసం రాయి ఏమిటో భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళకు ఎప్పుడో తెలుసు, నదులు మోసుకొచ్చిన గులకరాళ్ళు, ఇసుక పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడి లేచిన కొండ అది. ఆ పొరలే దూరం నుంచి మెట్లలా కనిపిస్తాయి. గోళ్ళ సంగతి అంటారా, మూడు రోజులు స్నానం లేకుండా, చేతులకు తొడుగులతో ఆ చలిలో నడిచొచ్చి గోళ్ళు చూసుకుంటే పెరిగినట్టే ఉంటాయి.

ఎక్కలేకపోయారన్నది కూడా పూర్తి నిజం కాదు, ఎక్కలేదు. ఎత్తు 6,638 మీటర్లు, ఎవరెస్టు కంటే రెండువేల మీటర్ల పైన తక్కువ. ఎనిమిదివేల మీటర్ల శిఖరాలన్నీ ఎక్కిన రైన్‌హోల్డ్ మెస్నర్‌కు చైనా వాళ్ళు 1980లలో అనుమతి ఇస్తామంటే ఆయనే వద్దన్నాడు. మనకు శివుడి ఇల్లు, జైనులకు ఋషభదేవుడు మోక్షం పొందిన అష్టాపదం, టిబెట్ బౌద్ధులకూ పవిత్రం, అంతకుముందు నుంచి ఉన్న బోన్ మతం వాళ్ళకూ పవిత్రం. చుట్టూ ప్రదక్షిణ సుమారు 52 కిలోమీటర్లు. మనమూ బౌద్ధులూ కుడి చేతి వైపు కొండ ఉండేట్టు తిరుగుతాం, బోన్ వాళ్ళు ఎదురు తిరుగుతారు, దారిలో ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడి పలకరించుకుని పోతారు. కొందరు టిబెటన్లు సాష్టాంగపడుతూ, లేచి, చెయ్యి ఆనిన చోటి నుంచి మళ్ళీ సాష్టాంగపడుతూ మొత్తం దూరం కొలుస్తారు, దానికి వారాలు పడుతుంది. ఇంత ఉండగా గ్రహాంతరవాసులు ఎందుకో నాకు అర్థం కాదు.

ప్రశ్న: భైరవకోనలో కార్తీక పౌర్ణమి నాడు చంద్రకాంతి అమ్మవారి మీద పడుతుందని చెప్తారు. మేం రెండేళ్ళు వెళ్ళాం. ఒకసారి చూశాం అనిపించింది, ఇంకోసారి పడలేదు. ఇది నిజమా, భ్రమా? (కనిగిరి)

జవాబు: ఊరివాళ్ళ మాటను తీసిపారెయ్యకూడదని నేర్పిన సంగతి ఒకటి చెప్తాను. ఐర్లండులో న్యూగ్రేంజ్ అని పెద్ద మట్టిదిబ్బ లాంటి సమాధి ఉంది, క్రీస్తు పూర్వం 3200 ప్రాంతంలో కట్టింది, అంటే గిజా పిరమిడ్ల కంటే పాతది. దాని లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి. ఏడాదిలో ఒకసారి సూర్యుడు లోపలి గదిలోకి వస్తాడని చుట్టుపక్కల జనం చెప్పుకునేవారు, పండితులు నవ్వేవారు. తవ్వకాలు జరిపిన ఓ'కెల్లీ అనే ఆచార్యుడు 1967 డిసెంబరు 21న తెల్లవారకముందే వెళ్ళి ఒక్కడే లోపల చీకట్లో కూర్చున్నాడు. వాకిలి పైన ఉన్న చిన్న కంతలోంచి సన్నటి వెలుతురు గీత నేల మీద పాక్కుంటూ వచ్చి గది వెనక గోడ దాకా వెళ్ళింది. అలా ఉండేది పదిహేడు నిమిషాలు. ఇప్పుడు ఆ రోజు లోపల ఉండడానికి వేలమంది అర్జీ పెట్టుకుంటే లాటరీ తీసి పిలుస్తారు.

ఇక భైరవకోన. సూర్యుడైతే ఏటా అదే తేదీకి అదే చోట ఉదయిస్తాడు. చంద్రుడు అట్లా కాదు, పౌర్ణమి చంద్రుడు లేచే చోటు అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది, ఆ ఊపు ఒక చుట్టు పూర్తి కావడానికి 18.6 ఏళ్ళు. కార్తీకంలో చంద్రుడు కృత్తికల దగ్గర ఉండడం నిజమే, నెలకు ఆ పేరు అందుకే, కానీ ఆకాశంలో ఆ నాలుగు వేళ్ళ తేడా చాలు, కొండ అంచు దాటి రాతి గుడిలోకి వెలుగు పడడానికో పడకపోవడానికో. పైగా అక్కడ జలపాతం, చెట్లు, మబ్బు. కాబట్టి మీ రెండు అనుభవాలూ నిజమే అయ్యుండొచ్చు. ఏ ఏడు, ఎన్ని గంటలకు, విగ్రహం మీద ఎక్కడ పడిందో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. మీ పిల్లలు ఇంకో పద్దెనిమిదేళ్ళ తర్వాత చూసుకుంటారు. ఆ రోజు కాకపోయినా వెళ్ళండి, ఒకే కొండకు ఎనిమిది శివాలయాలు తొలిచారు, పల్లవుల నాటి పని, ఉలి దెబ్బలు వేలితో తడిమి చూడొచ్చు.

ప్రశ్న: చిదంబర రహస్యం అంటే తెర వెనక ఏమీ లేకపోవడమేనట కదా. ఏమీ లేనిదానికి తెర ఎందుకు మేడం? ఇది జనాన్ని మోసం చెయ్యడం కాదా? (ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: అబ్బాయ్, ఇదే ప్రశ్న ఒక రోమన్ సేనాపతికి కూడా వచ్చింది. క్రీస్తు పూర్వం 63లో పాంపే జెరూసలేం గెలిచి, యూదుల ఆలయంలో అత్యంత పవిత్రమైన లోపలి గదిలోకి కత్తితో నడిచి వెళ్ళాడు. అక్కడికి ప్రధాన పూజారి ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజే వెళ్ళాలి. అంత కాపలా కాస్తున్నారంటే ఎంత పెద్ద విగ్రహమో, ఎంత బంగారమో అనుకున్నాడు కాబోలు. లోపల దేవుడి బొమ్మే లేదు, ఖాళీ గది. ఈ సంగతి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

చిదంబరంలో తెర పక్కకు లాగితే గోడ, దాని ముందు వేలాడే బంగారు మారేడు ఆకుల దండలు. అక్కడ లింగం ఆకాశం. పంచభూతాల్లో నేలకు కంచి, నీళ్ళకు జంబుకేశ్వరం, నిప్పుకు అరుణాచలం, గాలికి కాళహస్తి, ఆకాశానికి ఇది. మోసం అన్నావు, మోసం చేసేవాడు తెర తీసి చూపిస్తాడా? అర్చకుడు తీసి చూపిస్తాడు. అడిగినవాడికల్లా చూపిస్తాడు. రహస్యం అని పేరు పెట్టి నీ ముందే తెరిచి, చూశావుగా, పో అంటాడు, ఇంటికొచ్చాక నువ్వు నాకు ఉత్తరం రాశావు. అంటే ఆ తెర పని చేస్తున్నట్టేగా.

దీనికి పూర్తిగా ఎదురైనది జపాన్‌లో నగానో ఊళ్ళో జెన్‌కోజి. అక్కడ ఉన్నదని చెప్పే మూల విగ్రహాన్ని ఎవరికీ చూపించరు, ప్రధాన పూజారి కూడా చూడడు. దానికి ప్రతిగా చేసిన ఇంకో విగ్రహాన్ని మాత్రం ఆరేళ్ళకోసారి బయటికి తెస్తారు, జనం విరగబడతారు. మామూలు రోజుల్లో వచ్చినవాళ్ళకు గర్భగుడి కింద ఒక సొరంగం ఉంది, కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి, గోడ పట్టుకుని తడుముకుంటూ పోతే నడుము ఎత్తులో ఒక తాళం చేతికి తగులుతుంది. విగ్రహానికి సరిగ్గా కింద. దాన్ని ఒకసారి గలగలలాడించి బయటికొచ్చేస్తారు. ముందు పోయేవాళ్ళు తాళం దొరికిందని మోత చేస్తారు కాబట్టి వెనకవాళ్ళకు ధైర్యం.

ప్రశ్న: తంత్రం అంటే క్షుద్రమేనా? మా ఇంట్లో ఆ మాట ఎత్తితేనే తిడతారు. (మార్కాపురం)

జవాబు: మీ ఇంటి దగ్గరలో త్రిపురాంతకం ఉంది, శ్రీశైలానికి తూర్పు ద్వారం, చెరువులో బాలా త్రిపురసుందరి గుడి, అక్కడికి వెళ్ళి దణ్ణం పెట్టుకునే ఇంట్లో తంత్రం మాటకు ఎందుకు భయం? శ్రీచక్రం తంత్రమే, మీ పురోహితుడు పూజ ముందు మంత్రం చెప్తూ ఒంటి మీద ఒక్కోచోట తాకుతూ చేసే న్యాసం తంత్రమే. నిమ్మకాయలు, పుర్రెలు సినిమా వాళ్ళు అంటగట్టినవి. క్షుద్రం లేదని అనను, కత్తితో కూరగాయలూ తరుగుతారు, పీకలూ కోస్తారు.

మన దగ్గర తిట్టు అయిపోయిన ఈ విద్య జపాన్‌లో ఎంత గౌరవంగా బతుకుతోందో చూడండి. కూకై అనే సన్యాసి 804లో చైనా వెళ్ళి నేర్చుకుని వచ్చి షింగోన్ అనే బౌద్ధ తంత్ర సంప్రదాయం పెట్టాడు. మంత్రాలు సంస్కృతమే, బీజాక్షరాలు మన పాత సిద్ధమాత్రిక లిపిలోనే రాస్తారు, నిప్పులో సమిధలు వేసే క్రతువును గోమ అంటారు, మన హోమమే. కోయా కొండ మీద కూకై 835లో చనిపోలేదు, సమాధిలో కూర్చున్నాడని నమ్మకం, ఇప్పటికీ రోజుకు రెండుసార్లు భోజనం తీసుకెళ్ళి పెడతారు.

ఇక్కడే అసలు ముచ్చట. ఈ విద్య పుట్టిందెక్కడ అంటే వాళ్ళ గ్రంథాలు దక్షిణ భారతంలోని ఇనుప స్తూపం అంటాయి. నాగార్జునుడు మంత్రించిన తెల్ల ఆవాలు ఏడు గింజలు విసిరితే ఆ స్తూపం తలుపులు తెరుచుకున్నాయట, లోపలికి వెళ్ళి నేర్చుకుని వచ్చాడట. ఆ స్తూపం మన అమరావతే అని కొందరు పండితుల ఊహ. టిబెట్ వాళ్ళ కాలచక్ర తంత్రం కూడా ధాన్యకటకంలోనే, అంటే అమరావతిలోనే, బుద్ధుడు బోధించాడని వాళ్ళ నమ్మకం, అందుకే దలైలామా 2006 జనవరిలో వచ్చి అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చారు. మార్కాపురం నుంచి బస్సెక్కితే ఒక్క పూట ప్రయాణం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక గురువుగారు రెండు రోజుల్లో రహస్య మంత్ర దీక్ష ఇస్తున్నారు, 21 వేలు. మంత్రం బయట చెప్తే అనర్థమట. కట్టమంటారా? (ఆత్మకూరు)

జవాబు: డబ్బు తీసుకున్నంత మాత్రాన దొంగ అనలేం. గ్రీసులో ఏథెన్సుకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఎల్యూసిస్ అనే చోట వెయ్యేళ్ళకు పైగా రహస్య దీక్షలు ఇచ్చారు, రుసుము అప్పుడూ ఉంది. చేలకు, ధాన్యానికి అధిదేవత డెమెటర్, ఆమె కూతురు పాతాళానికి పోయి తిరిగి రావడం కథ. ఆడవాళ్ళు, బానిసలు కూడా దీక్ష తీసుకోవచ్చు, గ్రీకు భాష అర్థం కావాలి, హత్య చేసి ఉండకూడదు, అంతే. వసంతంలో చిన్న దీక్ష, తర్వాతే ఎప్పుడో శరత్కాలంలో పెద్దది. పంది పిల్లను ఎత్తుకుని సముద్రంలో స్నానం, ఉపవాసం, ఏథెన్సు నుంచి కాలి నడక, బార్లీ పుదీనా కలిపిన పానీయం, ఆ తర్వాత రాత్రి మందిరంలో ఏదో చూపించేవారు. ఏం చూపించారో ఎవరూ చెప్పలేదు. అన్ని తరాలు, అన్ని వేలమంది, సిసిరో లాంటి రోమన్ మాటకారి కూడా నోరు విప్పలేదు. 

ఇటు మన రామానుజులు. తిరుక్కోష్టియూరులో గురువు చుట్టూ పద్దెనిమిదిసార్లు తిప్పించుకుని మంత్రం ఇచ్చి, బయట చెప్తే నరకం అన్నాడట. ఆయన గోపురం ఎక్కి ఊరందరినీ పిలిచి గట్టిగా చెప్పేశాడు, అందరూ బాగుపడితే నేనొక్కణ్ణి నరకానికి పోతే ఏం అని. ఒకళ్ళు దాచారు, ఒకళ్ళు అరిచారు, ఇద్దరూ నాకు గొప్పవాళ్ళే. మీ గురువుగారి దగ్గర రహస్యం దేనికి కాపలా కాస్తోందో మాత్రం చూడండి. మంత్రం బయట పడితే ఆయనకు పోయేది 21 వేల గిరాకీ అయితే ఆ డబ్బుతో ఇంటికి ఇన్వర్టర్ పెట్టించుకోండి. రెండు రోజుల్లో అయ్యే దీక్షకు నేనైతే టెన్షన్ పడను, కట్టను.

ప్రశ్న: దిష్టి తగలడం మన దేశంలోనే ఉందా? (బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: మధ్యధరా సముద్రం చుట్టూ ఇంటింటా ఉంది. టర్కీలో నీలి కన్ను పూస పసిపిల్లల చొక్కాకు గుచ్చుతారు. గ్రీసులో పిల్లను అందంగా ఉందని మెచ్చుకున్నాక మూడుసార్లు తూ తూ అంటారు, మన అమ్మమ్మలు ఉప్పు తిప్పి ఉమ్మించినట్టే. మెక్సికోలో పచ్చి కోడిగుడ్డు ఒళ్ళంతా తిప్పి గ్లాసు నీళ్ళలో కొట్టి ఆ సొన ఆకారం చదువుతారు. మనం నాలుగు రోడ్ల కూడలిలో పగలగొట్టి వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. వెనక వచ్చే స్కూటరు వాడికి తెలుస్తుంది దిష్టి అంటే ఏమిటో.

ప్రశ్న: థియోసఫీ (దివ్యజ్ఞాన సమాజం) స్థాపించిన బ్లవాట్‌స్కీ దొరసాని నెల్లూరు వచ్చిందని మా తాతగారు చెప్పేవారు. కట్టుకథేనా? (నెల్లూరు)

జవాబు: మీ తాతగారు నిజమే చెప్పారు. 1875లో న్యూయార్కులో సంఘం పెట్టిన ఆమె, అమెరికా సైన్యంలో కర్నల్‌గా చేసిన ఆల్కాట్, ఇద్దరూ 1882 మేలో మద్రాసు నుంచి బకింగ్‌హామ్ కాలువలో పడవ మీద నెల్లూరు వచ్చారు, ఇక్కడ శాఖ పెట్టి గుంటూరు దాకా వెళ్ళారు. మే నెలలో! ఆ ఎండలో, ఆ భారీ మనిషి, ఆ పడవలో. తిరిగి వెళ్ళాకనే అడయారులో తోట చూసి కొన్నారు, ఆ ఏడాది చివర్లో సంఘం అక్కడికి మారింది. ఆమెకు హిమాలయ మహాత్ముల దగ్గర నుంచి ఉత్తరాలు గాల్లోంచి రాలిపడేవని చెప్పేవారు, 1885లో లండన్ పరిశోధకులు అదంతా బూటకం అని నివేదిక ఇచ్చారు, నూటొక్క ఏళ్ళకు ఆ పరిశోధకుల సంఘం పత్రికలోనే ఆ నివేదికే సరిగ్గా లేదని ఇంకొకాయన రాశాడు, 1986లో. మదనపల్లె పిల్లవాడు జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువు చెయ్యాలనుకున్నదీ ఈ సంఘంవాళ్ళే, ఆయన 1929లో తన కోసం పెట్టిన సంస్థనే రద్దు చేసి లేచిపోయాడు.

ప్రశ్న: మాలకొండలో అమ్మవారి దగ్గరికి పోయే రాతి సందులో ఎంత లావు మనిషైనా పడతాడంటారు. నాకు 94 కిలోలు. పట్టకపోతే పాపం చేసినట్టా? (కందుకూరు)

జవాబు: జపాన్‌లో నారా ఊరి తోదాయిజి గుడిలో ఒక చెక్క స్తంభానికి కింద కంత ఉంది. లోపలున్న పెద్ద బుద్ధుడి ముక్కు రంధ్రం ఎంతో ఆ కంత అంతట. దూరినవాళ్ళకు జ్ఞానం వస్తుందని నమ్మకం, చిన్నపిల్లలు సుళువుగా దూరి వచ్చేస్తారు, పెద్దవాళ్ళు భుజాల దగ్గర ఇరుక్కుంటే స్నేహితులు కాళ్ళు పట్టి లాగుతారు. అక్కడ పాపం మాట ఎవరూ ఎత్తరు, నవ్వుతారు, ఫొటోలు తీస్తారు.

మాలకొండలో మా పెద్దాడపడుచు, మీకు తక్కువేం కాదు, పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, ముందు చెయ్యి, తర్వాత భుజం, గోవిందా అంటూ దాటేసింది. ఎదురుగా మాత్రం వెళ్ళకండి, పక్కకు తిరగండి. సెల్‌ఫోను జేబులోంచి తీసి చేత్తో పట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, శనివారం వెళ్ళండి. స్వామి మనకు దర్శనం ఇచ్చేది ఆ ఒక్క రోజే, మిగతా ఆరు రోజులూ దేవతలకూ ఋషులకూ అట. నేను తెలియక ఒకసారి ఆదివారం పోయి, మూసిన తలుపులకు దణ్ణం పెట్టుకుని, కింద షోడా తాగి తిరిగొచ్చాను.